పసిబిడ్డ తుంటి కీలు – ఎక్స్‌రే సాక్ష్యము

పుట్టుకతో తుంటి కీలు సరిగా అమరని శిశువునకు సాధారణముగా నొప్పి యుండదు. అందుచే మా సింగరాయకొండ ప్రాంతమున మిరపకోతలకు పోవు తల్లికి గాని, ఇంట కనిపెట్టియుండు అమ్మమ్మకు గాని బిడ్డకు అడుగులు పడిన తరువాతనే కుంటు కంటబడవచ్చును. తొలి మాసములలో పావ్లిక్ పట్టీలతో తీరదగిన లోపము అప్పటికి శస్త్రచికిత్స దాకా పోవచ్చును. కనుక “ఎక్స్‌రేలో ఏమియు లేదన్నారు” అను మాటను ఎంతవరకు నమ్మవచ్చునో మా విద్యార్థులు తెలిసికొనుట మంచిదని తలచుచున్నాము. రేపటి తల్లిదండ్రులు వీరే కదా!

తొడ ఎముక పైకొన గుండ్రని తలవలె నుండి, కటి ఎముకలోని గిన్నె వంటి గుంటలో ఒదిగి తిరుగును. పుట్టినప్పుడు ఆ తల ఎముక కాదు, మృదులాస్థి. ఎక్స్‌రే మృదులాస్థిని చూపజాలదు. తలలో ఎముక బిందువు సాధారణముగా నాలుగు నుండి ఆరు మాసముల నడుమ పొడసూపును. అంతకు ముందు తీసిన ఫిలిములో తల ఎక్కడ నున్నదో వైద్యుడు ఊహింపవలసినదే.

ఆరు మాసములు దాటినను చిక్కు పూర్తిగా తీరదు. ప్రాగ్ వైద్యుడు హిల్గెన్‌రైనర్ 1925లో చూపిన పద్ధతిలో, రెండు గుంటల అడుగులను కలుపుచు అడ్డగీత గీసి, గుంట పైకప్పు దానితో చేయు కోణమును కొలుతురు. పుట్టినప్పుడు అది 30 డిగ్రీల లోపుండి, వయసుతో తగ్గవలెను. బిడ్డ ఏడ్చి నడుము కొంచెము ఒరిగినను ఒకవైపు కోణము పెరుగును, రెండవవైపు తగ్గును. ఒకే ఫిలిమును ఇద్దరు కొలిచినచో నాలుగైదు డిగ్రీల తేడా రావచ్చును. ఒకే జవాబు పత్రమునకు ఇద్దరు పరీక్షకులు వేరువేరు మార్కులు వేయుట ఎరిగిన మాకు ఇది వింతగా తోచలేదు. మొదట 31, మూడు మాసములకు 28 వచ్చినచో, బాగుపడినది కీలో, మారినది కొలతయో ఆ అంకె చెప్పజాలదు.

అందుచే తొలి మాసములలో వైద్యుని చేయియే ముఖ్యము. ఇటలీ శిశువైద్యుడు ఒర్టొలాని 1937లో, ఆంగ్ల వైద్యుడు బార్లో 1962లో వివరించిన పరీక్షలను నేటికిని చేయుచున్నారు. మృదులాస్థిని చూపు అల్ట్రాసౌండు పద్ధతిని ఆస్ట్రియా వైద్యుడు గ్రాఫ్ 1980లో ప్రకటించెను. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డకు, తోబుట్టువులలో ఈ లోపమున్న బిడ్డకు, చేతి పరీక్ష బాగున్నను ఆరు వారముల ప్రాంతమున ఈ పరీక్ష చేయించవలెను. ఆడబిడ్డలలో ఈ లోపము ఎక్కువ.

ఒంగోలుకో గుంటూరుకో పోవునపుడు పాత ఫిలిమును, దానిని తీసిన తేదీని వెంట గొనిపోవలెను. ఒకే వైద్యుడు రెంటిని పక్కపక్కన నుంచి కొలిచినచో పోలికకు విలువ హెచ్చును. తొడలు రెండును సమానముగా విచ్చుకొనకున్నను, ఒక కాలు పొట్టిగా తోచినను, ఫిలిము బాగున్నదని ఊరకుండక మరల చూపింపవలెను.