శ్వాస గాథలు: మంత్రం కాదు, మెలకువ



"మంత్రాలు, తాయెత్తులు వదిలి ధమ్మంలోకి వచ్చినం. మళ్ళీ కళ్ళు మూసుకొని ఏదో చదువుకొమ్మంటే ఎట్లా?" శ్వాస గాథల మాట ఎత్తగానే మీలో చాలామందికి ఈ అనుమానం వస్తుంది. రావాల్సిందే. పరీక్షించకుండా దేన్నీ నమ్మవద్దన్నదే బుద్ధుని మార్గం.

మంత్రానికి అర్థం తెలియకపోయినా ఫలం దక్కుతుందంటారు. గాథ అట్లా కాదు, అర్థం తెలియకపోతే అది పనికిరాదు. మనసు లేగదూడ వంటిది, పట్టు తప్పితే పరుగే. దాన్ని శ్వాస అనే గుంజకు స్మృతి అనే పలుపుతో కట్టాలని బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో చెప్పాడు. ఆ పలుపుకు వేసే ముడే గాథ.

ఇది మన దీక్షలోనిదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తానన్నది ఒకటి. ఆ మార్గంలో ఏడవ అంగం సమ్యక్ స్మృతి. దాన్ని సాధన చేసే పద్ధతినే బుద్ధుడు ఆనాపానసతి సుత్తంలో 16 మెట్లుగా బోధించాడు. ఆయన కొడుకు రాహులునికి నేర్పింది కూడా ఇదే. మన కాలంలో వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ (1926-2022) నడకకు, భోజనానికి, పాత్రలు కడగడానికి కూడా చిన్న గాథలు నేర్పాడు.

ఇప్పుడు మీరు చేసి చూడండి. పొద్దున పనికి పోకముందు నడుము నిటారుగా పెట్టి కూర్చోండి. శ్వాసను బిగపట్టవద్దు, సాగదీయవద్దు. అది వచ్చినట్టు రానివ్వండి. మనసులో ఇట్లా అనుకోండి:

లోపలికి: వచ్చింది, తెలిసింది.
బయటికి: పోయింది, తెలిసింది.

పది శ్వాసలు చాలు. మధ్యలో అప్పు గుర్తొస్తుంది, కంది చేనుకు కావాల్సిన వాన గుర్తొస్తుంది. తప్పు చేశాననుకోవద్దు, మళ్ళీ శ్వాస దగ్గరికి రండి. అట్లా తిరిగి రావడమే సాధన. శ్వాస తేటగా తెలుస్తుంటే మాటలు వదిలేయండి, ముడితో ఇక పనిలేదు.

దౌల్తాబాద్ నుంచి తాండూరు వైపు నాపరాయి పనికి పోయే అన్నదమ్ములకు ఒక మాట. దుమ్ములో ఉన్నప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. సాధన మాత్రం బయటికి వచ్చాక, మంచి గాలిలో చేయండి.

ఇక అసలు పరీక్ష. హోటల్ దగ్గరో, పని దగ్గరో ఎవరో కులం పేరు పెట్టి మాట విసురుతారు. రక్తం మరుగుతుంది. అప్పుడు ఒక్క శ్వాస:

లోపలికి: కోపం వచ్చింది, చూసిన.
బయటికి: వంగను, తిట్టను.

ఇది ఓర్చుకొని ఊరుకోమని కాదు. కోపం మన నోట పలికితే తప్పు మన మీదికే తిప్పుతారు. మెలకువ పలికితే ఎవరు ఏమన్నారో, అక్కడ ఎవరెవరున్నారో గుర్తుంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు చెయ్యి వణకదు. బోధించు, సమీకరించు, పోరాడు అన్న బాబాసాహెబ్ మాటకు నిలకడగల మనసు కావాలి.

నెల రోజులు చేయండి. ఇంట్లో అరుపులు తగ్గాయా, తాగుడు మీదికి మనసు పోవడం తగ్గిందా, అవమానం ఎదురైనప్పుడు మాట తడబడకుండా వస్తోందా, మీరే చూసుకోండి. మార్పు కనిపిస్తే కొనసాగించండి. వచ్చే పౌర్ణమికి విహారంలో కలిసినప్పుడు మీ అనుభవం నలుగురికీ చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.