గాలి అందకపోయినా ఈస్ట్ ఎలా బతుకుతుంది? మన వంటింట్లోనే చూద్దాం

శ్వాసక్రియ అనగానే ఊపిరి పీల్చి వదలడమే గుర్తొస్తుంది. అసలు పని జరిగేది కణంలో: చక్కెరను విడగొట్టి, అందులోని శక్తిని తీసుకోవడం. ఆ శక్తి ఎండ నుంచి వచ్చిందే. చెరకు ఆకులు కిరణజన్య సంయోగక్రియతో దాన్ని చక్కెరలో దాచాయి. ఆక్సిజన్ లేకపోయినా ఈస్ట్ అందులో కొంత రాబట్టుకోగలదు. అదే కిణ్వనం. ఒక్కో మెట్టూ నిదానంగా చేద్దాం.

కావలసినవి

- అర లీటరు ప్లాస్టిక్ సీసాలు 2, మూతలతో
- చేపల తొట్టెకు వాడే సన్నని గొట్టం, రెండు ముక్కలు
- చక్కెర 4 చెంచాలు, పొడి ఈస్ట్ 2 చెంచాలు, నూనె 4 చెంచాలు
- కిళ్లీ సున్నం, గాజు గ్లాసులు 2, కొవ్వొత్తి

చేసే విధానం

1. ముందు రోజు రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో చెంచాడు సున్నం కలిపి మూత పెడదాం. పొద్దున అడుగు కదపకుండా పైతేట వడకట్టి, మళ్లీ మూత పెడదాం. గాలి తగిలితే పైన తెల్లటి పొర కడుతుంది.
2. సీసా మూతలకు రంధ్రం చేసి గొట్టం దూర్చి, సందులను కొవ్వొత్తి మైనంతో మూసేద్దాం. మైనం పూర్తిగా ఆరాలి.
3. 400 మి.లీ. నీళ్లలో చక్కెర వేసి 5 నిమిషాలు మరిగిద్దాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ చాలావరకు పోతుంది. మూత పెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుదాం.
4. ఈలోగా ఒక చెంచా ఈస్ట్‌ను కొద్ది నీళ్లలో 5 నిమిషాలు మరిగించి చల్లారుద్దాం.
5. చక్కెర నీటిని రెండు సీసాల్లో సమానంగా పోద్దాం. మొదటిదాంట్లో మామూలు ఈస్ట్, రెండోదాంట్లో మరిగించిన ఈస్ట్. మెల్లగా తిప్పుదాం, కుదిపితే గాలి మళ్లీ కరుగుతుంది.
6. గాలి తగలకుండా ఒక్కోదాంట్లో రెండు చెంచాల నూనె పోద్దాం.
7. మూతలు బిగించి, గొట్టాల రెండో కొసలను సున్నపు తేట ఉన్న గ్లాసుల్లో ముంచుదాం. సీసా లోపలి కొస నూనెకు బాగా పైన ఉండాలి.
8. వెచ్చని చోట గంటసేపు ఉంచి, మధ్యమధ్యలో చూద్దాం.

ఏం జరిగింది?

మొదట వచ్చే బుడగలు సీసాలోని గాలివే. తర్వాత మొదటి గ్లాసులో తేట పాలలా మారుతుంది. వచ్చింది కార్బన్ డయాక్సైడ్. సీసాలో ఇథనాల్ కూడా తయారవుతుంది. ఇలా ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి దక్కేవి శక్తిని అందించే 2 ఏటీపీ అణువులే. ఆక్సిజన్ ఉంటే దాదాపు 30 దక్కేవి. మిగతా శక్తిలో ఎక్కువ భాగం ఇథనాల్‌లోనే ఉండిపోయింది.

రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. ఈస్ట్ నుంచి పిండిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని 1897లో శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ చూపాడు. అంటే పని చేసేవి ఈస్ట్‌లోని ఎంజైములు. మరిగిస్తే అవి పాడవుతాయి.

తరచూ జరిగే పొరపాట్లు

- వేడి నీళ్లలో ఈస్ట్ వేయడం: ఈస్ట్ చచ్చిపోతుంది. పైగా సీసా చల్లారేటప్పుడు సున్నపు తేటను లోపలికి లాగేస్తుంది.
- లోపల నురుగు ఉన్నా బుడగలు రాకపోవడం: మైనం దగ్గర గాలి పోతోంది. మళ్లీ మూసేద్దాం.
- ఆలస్యంగా చూడడం: కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువైతే తెలుపు కరిగి మళ్లీ తేటపడుతుంది.
- గొట్టం లేకుండా మూత బిగించడం: సీసా ఉబ్బి పగలొచ్చు.
- సున్నం తగిలిన చేతితో కళ్లు నలపడం: ముందు చేతులు కడుక్కుందాం. ఇందులో ఏదీ తాగకూడదు.
- రెండో సీసా ఎందుకని వదిలేయడం: అది లేకపోతే ఈ పని ఈస్ట్‌దో, చక్కెర నీటిదో చెప్పలేం.