చైక్కసాన్ నుంచి మలక్‌పేట దాకా: ఓ సైసు కొడుకు అనుభవ పాఠాలు

రంగూన్‌లో, ఇప్పటివాళ్ల మాటలో యాంగోన్‌లో, గుర్రప్పందేలు మళ్లీ పెడితే నడుస్తాయా అని మావాళ్ల పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు. వాళ్లలో కొందరి తాతలు అక్కడి ఓడరేవులో మూటలు మోశారు, కొందరు బియ్యం మిల్లుల్లో చేశారు. మా నాన్న మాత్రం తామ్వే ప్రాంతంలోని చైక్కసాన్ రేసుకోర్సులో సైసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు. నేను పుట్టింది అక్కడే. 1964 తర్వాత ఓడెక్కి విశాఖ వచ్చి కంచరపాలెం బర్మా క్యాంపులో పడ్డాం. పొట్ట చేతపట్టుకుని నేను హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు చేరాను. సైసుగా మొదలుపెట్టి జమేదారునై, మోకాళ్లు మొరాయించేదాకా గుర్రాల దగ్గరే ఉన్నాను. నాకు తెలిసింది అదొక్కటే, అదే చెబుతాను.

1. పందెం రోజు జనాన్ని చూసి లెక్క కట్టొద్దు.

గ్యాలరీ నిండిందంటే రేసుకోర్సు బాగుందనుకుంటారు బయటివాళ్లు. దాని ఆరోగ్యం తెలియాలంటే మామూలు రోజున, ఇంకా చీకటి ఉండగానే వెళ్లి చూడాలి. ఎన్ని గుర్రాలు పనికి దిగుతున్నాయి? ట్రాక్‌కి దంతె తోలారా, నీళ్లు కొట్టారా? పని అయ్యాక గుర్రాన్ని చెమట ఆరేదాకా నడిపిస్తున్నారా, లేక తెచ్చి తబేలాలో కట్టేస్తున్నారా? సైసు వంగి ముంగాలి నరం మీద చెయ్యి వేసి వేడి చూస్తున్నాడా? ఇవన్నీ సరిగ్గా ఉంటే పందేలు ఇవాళ కాకపోయినా రేపు నిలదొక్కుకుంటాయి. ఇవి లేకపోతే ఎన్ని లక్షల బహుమతి ప్రకటించినా అది ఒక్కరోజు తిరునాళ్ల.

గుర్రం పందేలున్న రోజూ తింటుంది, లేని రోజూ తింటుంది. ఉలవలు, ఓట్స్, గడ్డి, లాడాలు, డాక్టరు, సైసు జీతం ఏవీ ఆగవు. పందేల రోజులు తగ్గిస్తే యజమానికి వచ్చే బహుమతి డబ్బు తగ్గుతుంది. ఒకరిద్దరు గుర్రాలు అమ్మేసుకుంటారు. పందెంలో పన్నెండు పరిగెత్తే చోట అయిదు పరిగెడతాయి. అయిదు గుర్రాల పందెం మీద ఎవడు కాస్తాడు? టోట్, అంటే క్లబ్బు కౌంటర్లో జనం కాసే పందెం డబ్బు, పడిపోతుంది, దాంతో బహుమతి ఇంకా తగ్గుతుంది. ఈ సుడిలో పడ్డ చిన్న రేసుకోర్సు పైకి తేలడం నేను చూడలేదు.

2. నేల కుదరకపోతే డబ్బు కుదిరినా దండగే.

హైదరాబాదులో ఏడాది మొత్తమ్మీద కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. యాంగోన్‌లో దాదాపు 2,700. అదీ ఎక్కువగా మే నుంచి అక్టోబరు లోపలే. చైక్కసాన్‌లో వానల్లో గుర్రాన్ని పొడి కాళ్లతో ఉంచడమే సగం పని అనేవాడు మా నాన్న. గిట్టల అడుగు మెత్తబడి కుళ్లుతుంది, దుర్వాసన వస్తుంది. మడమ దగ్గర చర్మం పగిలి పక్కు కడుతుంది. లాడం మేకులు పట్టు వదులుతాయి.

ఇసుక ట్రాకే కదా, నీరు దిగిపోతుంది అంటారు తెలియనివాళ్లు. కింద రాయీ కంకరా పొరలు పొరలుగా వేసి, వాలు చూసి, కాలవలు తీస్తేనే దిగుతుంది. లేకపోతే ఇసుక అడుగున నీళ్లు నిలిచి గుర్రం కాలు కూరుకుపోతుంది. లోతు ఇసుకలో పరిగెత్తిస్తే నరం తెగుతుంది. గట్టి నేల మీద దౌడు తీయిస్తే లేత గుర్రాలకు ముంగాళ్ల ఎముకల్లో నొప్పులు పుట్టి పని ఆగిపోతుంది. శిక్షణ ట్రాక్‌కి పెట్టుబడంతా భూమి మీదనుకుంటారు. అసలు ఖర్చు భూమి కింద, కంటికి కనపడనిది. ఆ ఖర్చు దాచుకున్న ట్రాకులో ఓ మంచి మగగుర్రం కాలు విరగడం నేను కళ్లారా చూశాను. అది ఎక్కడో చెప్పను.

3. ఆ గాలికి అలవాటుపడ్డ గుర్రాన్నే నమ్మండి.

షాన్ కొండల పోనీ పన్నెండు పదమూడు హ్యాండ్లు, అంటే వీపు దగ్గర నాలుగడుగుల పైచిలుకు. మన మలక్‌పేటలో పరిగెత్తే థరోబ్రెడ్ పదహారు హ్యాండ్లు, అయిదడుగుల నాలుగంగుళాలు. పక్కపక్కన నిలబెడితే పోనీని చూసి నవ్వొస్తుంది. కానీ రంగూన్ ఉక్కపోతలో తెల్లారి పని చేసి, మధ్యాహ్నం మేత తిని, సాయంత్రం చెవులు నిక్కబొడుచుకుని నిలబడేది ఆ పోనీయే.

చల్లటి దేశాల నుంచి తెచ్చిన గుర్రాలకు మన తేమ ఊళ్లలో ఒక జబ్బు వస్తుంది. చెమట పట్టడం ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా, చర్మం గరుకుగా, ముక్కుపుటాలు ఎగరేస్తూ గుర్రం కుక్కలా రొప్పుతుంది. దానికి మందు లేదు. చల్లటి చోటికి పంపాలి, లేదా పని మాన్పించాలి. ఇక జోరీగలు. అవి కుట్టి అంటించే సర్రా జబ్బు క్రిమిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు పంజాబులో కనుక్కున్నాడు. అయిదేళ్ల తర్వాత స్టీల్ అనే మరో సైనిక పశువైద్యుడు అదే జబ్బును బర్మాలో సైన్యం కంచరగాడిదల్లో చూశాడు. జ్వరం వచ్చి తగ్గుతూ, గుర్రం రోజురోజుకీ ఎండిపోతుంది. ఇప్పుడు పరీక్షలున్నాయి, మందులున్నాయి. అయినా వాన వెనకాలే వచ్చే ఈగ వస్తూనే ఉంటుంది. రంగూన్‌లో పందెం అంటే ఇంగ్లండు గుర్రం అనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

4. సర్కారు పోషించినా, పొమ్మన్నా ఒక్క సంతకమే.

1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. ఆయనకే గుర్రప్పందేల మోజు ఎక్కువని రంగూన్‌లో చెప్పుకునేవారు. అయినా ఆయన విప్లవ మండలి రద్దు చేసిన వాటిలో అందాల పోటీలతో పాటు గుర్రప్పందేలూ ఉన్నాయి. మోజుపడ్డవాడే గేటు మూయించాడని మా నాన్న చచ్చేదాకా నవ్వుకున్నాడు. నాన్న చూసుకున్న గుర్రాల్లో ఒకటి జట్కాబండికి పోయిందని ఎవరో చెబితే మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

పన్నెండేళ్లు తిరిగేసరికి ఆ రేసుకోర్సు పాడుబడ్డ మైదానం. 1974 నవంబరులో ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ న్యూయార్కులో పోతే, సర్కారు అధికార లాంఛనాలు ఇవ్వనని భీష్మించి, ఆయన పార్థివదేహాన్ని చైక్కసాన్‌లో ఉంచింది. డిసెంబరు 5న విద్యార్థులు ఆ శవపేటికను అక్కడినుంచి ఎత్తుకుని విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లారు. అప్పటికి మేం విశాఖలో ఉన్నాం. పేపర్లో చైక్కసాన్ పేరు చూసి మా నాన్న అచ్చుతప్పేమో అనుకున్నాడు.

బర్మాలోనే కాదు, మన దగ్గరా అంతే. చెన్నై గిండీలో గుర్రప్పందేల చరిత్ర 1777 నుంచి. అక్కడి క్లబ్బుకు 1940ల్లో రాసిచ్చిన 99 ఏళ్ల లీజు ఉండగానే, బకాయిల పేరుతో తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో 160 ఎకరాలకు సీలు వేసింది. గొడవ కోర్టులకెక్కింది. అంతకు మూడు నెలల ముందు ఊటీలో 52 ఎకరాలు వెనక్కి తీసుకుంది. ఊటీ అంటే ఎండాకాలం గుర్రాలకు ఊపిరి పోసిన చోటు. అది పోయిందంటే నాకు గిండీ కన్నా ఎక్కువ బాధేసింది. అద్దె కట్టకపోవడం క్లబ్బుల తప్పే, కాదనను. కానీ ఆ భూమిని ఖాళీగా పడున్న మైదానం అనుకున్న అధికారులకు, దాని మీద ఎన్ని కుటుంబాలు పొద్దున్నే నాలుగింటికి లేస్తాయో ఎవరూ చెప్పినట్టు లేదు.

పన్ను సంగతి ఇంకొకటి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడే పందేల మీద 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40. అది క్లబ్బుకు మిగిలే కమీషన్ మీద కాదు, ఆటగాడు పెట్టిన మొత్తం పందెం మీద. అప్పుడు వాడు ఫోన్‌లో దొంగ బుకీ దగ్గరికి పోతాడు, ఆ బుకీకి పన్నూ లేదు, తబేలా ఖర్చూ లేదు. ఖజానాకు రావాల్సింది రాలేదు, గుర్రానికి పోవాల్సింది పోలేదు.

5. ఒంటరి ట్రాక్ బతకదు.

సింగపూర్, కౌలాలంపూర్, ఇపో, పినాంగ్ క్లబ్బులు ఒక దండలో పూలలా కలిసి నడిచాయి. ఒకచోట పరిగెత్తిన గుర్రం మరోచోటికి వెళ్లేది. 1842లో మొదలైన సింగపూర్ క్లబ్బు భూమిని సర్కారుకు అప్పగించడానికి ఒప్పుకుని 2024 అక్టోబరు 5న ఆఖరి పందేలు నడిపింది. మరుసటి ఏడాది పినాంగ్ కూడా మూతపడింది. మకావులో 2024 మార్చిలోనే అయిపోయింది. సింగపూర్ వాళ్లకు డబ్బు లేకనా? అక్కడ నేల ధర ముందు గుర్రం ఓడిపోయింది.

మలక్‌పేట ఇన్నాళ్లు నిలబడిందంటే బెంగళూరు, పుణె, ముంబయి, మైసూరు ఉన్నాయి కాబట్టి. ఇక్కడ కుదరని గుర్రం అక్కడ తన తరగతి పందెం వెతుక్కుంటుంది. మౌలా అలీలో 1868లో మొదలై, ఆరో నిజాం కాలంలో 1886లో మలక్‌పేటకు మారిన ఈ ఊరి పందేలకు అదే ఆయువుపట్టు. యాంగోన్‌కి చుట్టూ అలాంటి ఊళ్లు లేవు. బ్యాంకాక్‌లో కాసిని పందేలున్నా, జబ్బుల పరీక్షలు, కొన్నాళ్లు విడిగా ఉంచడాలు అయ్యి గుర్రం సరిహద్దు దాటేసరికి దాని సీజనే అయిపోతుంది.

6. పని తెలిసినవాళ్లు పోతే తిరిగి రారు.

1931 లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. మా తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనేవారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక చాలామంది నడిచి వచ్చేశారు. 1964లో దుకాణాలు జాతీయం చేసి, యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశాక మిగిలినవాళ్లలో ఎందరో వచ్చేశారు. డబ్బు, బంగారం రేవులోనే వదిలేశారు. వాళ్లతోపాటు వచ్చింది మాత్రం ఎవరూ రాసుకోలేదు: గుర్రం పేడ చూసి మేత మార్చడం, కళ్లు చూసి జ్వరం చెప్పడం, పందెం ముందురోజు ఇనుప లాడాలు తీసి తేలికైన అల్యూమినియంవి కొట్టడం.

మా నాన్న ఎవరికీ ఏదీ చెప్పి నేర్పలేదు. పక్కన నిలబెట్టుకునేవాడు. చేస్తూ చేస్తూ ఓసారి నా చెయ్యి తీసుకుని గుర్రం ముంగాలి వెనక పెట్టేవాడు, అంతే. ఆ వేడి ఏ పుస్తకంలో వస్తుంది? ఇప్పుడు రైడింగ్ స్కూళ్లు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారు, మంచిదే. కానీ జాకీలను తయారుచేసే చోట్లు ఉన్నాయి గానీ సైసులను తయారుచేసే చోట్లు దాదాపు లేవు. సైసుకి జీతం తక్కువ, మర్యాద ఇంకా తక్కువ, అందుకే వాళ్ల పిల్లలు ఆ పనికి రారు. నా పిల్లలూ రాలేదు. రమ్మని నేనూ అనలేదు.

7. పందెం కాయొద్దు.

గుర్రాలవాళ్లకి గుర్రం సంగతి తెలుసు కాబట్టి గెలుస్తారనుకుంటారు. జీతం అందిన సాయంత్రమే బుకీకి ఇచ్చి ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు తబేలాల్లోనే ఎక్కువ.

8. ఇక యాంగోన్ సంగతి.

2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ అధికారం చేజిక్కించుకున్నప్పటి నుంచి ఆ దేశం పరిస్థితి మీకు తెలిసిందే. 2023 అక్టోబరులో ఉత్తర షాన్‌లో యుద్ధం చెలరేగి, పోనీలు పుట్టే కొండల దారులే మూసుకున్నాయి. విదేశీ మారకం దొరకనిచోట ఎవరు గుర్రాన్ని దిగుమతి చేస్తారు? ఊరు నడిబొడ్డున, వానాకాలం నీళ్లు నిలిచే ఖరీదైన నేల మీద, తోడు ఊళ్లు లేకుండా చైక్కసాన్‌లో పెద్ద పందేలు మళ్లీ నడుస్తాయని నేను నమ్మను. నమ్మమని మీకు చెప్పను.

చిన్నది మాత్రం కుదురుతుంది, శాంతి వస్తే. పాత మేమ్యో, ఇప్పటి పియిన్ ఊ ల్విన్‌లో రంగురంగుల గుర్రబ్బగ్గీలు ఇప్పటికీ ఉన్నాయి. ఎత్తు ప్రదేశం, చల్లటి గాలి, గుర్రంతో బతికే కుటుంబాలు, లాడం కొట్టేవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లను కలుపుకుని ఒక మంచి ట్రాక్ వేసి, స్థానిక పోనీలకే పొట్టి దూరాల పందేలు, కొద్దిపాటి బహుమతులతో మొదలుపెడితే, పదేళ్లకు దానికో ఆకారం వస్తుంది. టోట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పొద్దున్నే నాలుగింటికి లేచే మనుషులు దొరకాలి.

కంచరపాలెంలోనూ, కాకినాడలోనూ, యాంగోన్‌లో ఇంకా ఉండిపోయిన మనవాళ్ల ఇళ్లలోనూ గుర్రాల పని చేసిన పెద్దలు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ జబ్బుకి ఏం చేసేవారు, చైక్కసాన్ ట్రాక్ వానల్లో ఎలా ఉండేది, పోనీలను ఎక్కడి నుంచి ఎలా తెచ్చేవారు అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పాత పందేల పుస్తకాలు, ఫొటోలు ట్రంకుపెట్టెల్లో ఉంటే పారేయకండి. నాకు ఎనభై దగ్గర పడ్డాయి. నాకంటే పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు, త్వరగా వెళ్లండి.