ఎదురు ఒడ్డు నుంచి చూడు

శ్రావణీ,

సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నానని, రైన్ నది వెంట కోటలు చూడ్డానికి ఎటు పోవాలో చెప్పమని రాశావు. జర్మనీలోని మైన్జ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నా ఆదివారాలన్నీ ఆ లోయలోనే గడిచేవి. కాబట్టి అడగాల్సిన వాణ్నే అడిగావు.

మీ వాళ్లంతా బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఒకే ఊపున పోదామంటున్నారట. 65 కిలోమీటర్లు, దారంతా చదునే, తొక్కలేకపోవు. అయినా నా మాట విని అలా పోకు. నదికి ఒకే పక్కన పోతే ఆ పక్క కోటలు నీకు కనబడవు. సరిగ్గా వాటి కిందినుంచే పోతావు, మెడ ఎంత ఎత్తినా ఓ గోడ ముక్క, నాలుగు చెట్లు. కోటని ఎదురు ఒడ్డు నుంచి చూడాలి. అందుకని బింగెన్‌లో బయల్దేరి ఎడమ ఒడ్డున సాంక్ట్ గోఆర్ దాకా వెళ్లు. అక్కడ నది దాటి, కుడి ఒడ్డున కౌబ్ దాకా వెనక్కి రా. కౌబ్‌లో మళ్లీ దాటి బింగెన్ చేరుకో. అంతా కలిపి 55 కిలోమీటర్ల పైచిలుకు.

మైన్జ్ దాటాక కోబ్లెంజ్ వచ్చేదాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. బింగెన్ దగ్గరున్న రైలు వంతెనని 1945లో పేల్చేశారు, మళ్లీ కట్టలేదు. అటూ ఇటూ తిరగడానికి ఫెర్రీలే దిక్కు. నరసాపురంలో నువ్వు చిన్నప్పుడు ఎక్కిన పంటులాంటివే, కార్లు, సైకిళ్లు, మనుషులు అందరూ ఒకే బల్ల మీద. టిక్కెట్టు ఎక్కాకే ఇస్తారు, చిల్లర దగ్గరుంచుకో. నది బాగా పొంగితే మాత్రం ఆపేస్తారు.

రైలు బింగెన్ హాప్ట్‌బాన్‌హోఫ్‌లో దిగు, బింగెన్ స్టాట్‌లో కాదు. అక్కణ్నుంచి సైకిల్ దారి నదిని పట్టుకునే పోతుంది. మొదట వచ్చేది రైన్‌స్టైన్. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఇప్పుడు నువ్వు చూసేది చాలావరకు 1820ల్లో ఒక ప్రష్యా రాకుమారుడు పాత శిథిలాన్ని కొని ముచ్చటపడి కట్టించుకున్నది. ఆ లోయలో నాకు తెలిసిన ఉపాయం ఒకటుంది. కోట మరీ చెక్కుచెదరకుండా కనిపిస్తే ముందు అనుమానించు. తరవాత వచ్చే రైషెన్‌స్టైన్, జోనెక్ కోటలు దోపిడీ దొరలవి. 1282లో హాబ్స్‌బుర్గ్ రుడాల్ఫ్ రాజు వాటిని పడగొట్టించాడు.

అంత చిన్న లోయలో అన్ని కోటలెందుకని నువ్వు అడుగుతావు. సుంకం కోసం. సరుకంతా నది మీదే పోయేది, పడవ వేరే దారిన పోలేదు. ఎవడికి కొండ దొరికితే వాడు పైన గోడ కట్టి, కింద పడవల్ని ఆపి వసూలు చేశాడు. కాట్జెనెల్న్‌బోగెన్ దొర 1245లో సాంక్ట్ గోఆర్ పైన రైన్‌ఫెల్స్ మొదలుపెట్టాడు. సుంకం మరీ పెంచేసరికి రైన్ తీరపు పట్టణాలు జట్టుకట్టి 1255లో ముట్టడించాయి. ఏడాదికి పైగా కూర్చున్నా కోట లొంగలేదు. 1692లో పద్నాలుగో లూయీ సైన్యం వచ్చినా లొంగలేదు. 1794లో మాత్రం ఫ్రెంచివాళ్లు రాగానే పోరాడకుండానే తాళాలిచ్చేశారు. ఆ తరవాత ఫ్రెంచివాళ్లే దాన్ని మందుపాతరలు పెట్టి పేల్చేశారు. నువ్వు ఎక్కాల్సింది ఈ ఒక్క కోటే. సైకిల్ కింద తాళం వేసి నడిచి ఎక్కు. టార్చి తీసుకెళ్లు, సొరంగాలున్నాయి. మరమ్మతులు జరుగుతుంటాయి, తెరిచి ఉందో లేదో ముందే కనుక్కో.

దానికన్నా ముందు, దారిలో వచ్చే బాఖరాఖ్‌లో కాసేపు ఆగు. 1368 నాటి చెక్క చట్రాల ఇల్లొకటి ఉంది, జనం దాని చుట్టూనే మూగుతారు. నువ్వు నదివైపు గోడలు చూడు. ఏ ఏడాది వరద ఎంతదాకా వచ్చిందో గీతలు గీసి పెట్టారు, కొన్ని నీ తలకన్నా ఎత్తులో ఉంటాయి. రాళ్లు పరిచిన వీధుల్లో సైకిల్ దిగి నడిపించుకో. ఈ ప్రయాణం రెండు రోజులు చేసుకుంటే ఊరి పైనున్న ష్టాలెక్ కోటే యూత్ హాస్టల్, ముందుగా బుక్ చెయ్. నిద్ర మాత్రం అంతంత మాత్రం. రెండు ఒడ్లనీ గూడ్సు రైళ్లు రాత్రంతా పోతుంటాయి.

ఒబెర్వేజెల్ దాటాక నది ఇరుకై మలుపులు తిరుగుతుంది. ఒడ్డున లైట్ల సిగ్నళ్లు కనిపిస్తాయి. మలుపు అవతల నుంచి దిగి వచ్చే పడవ ఎంత పొడవుందో ఎదురెక్కే పడవలకి అవే చెబుతాయి. తిరుగు దారిలో ఎదురెక్కే సరుకు పడవని నీ సైకిల్ సునాయాసంగా దాటేస్తుంది, సరదాగా ఉంటుంది. ఆ మలుపులోనే లోరెలై బండ. జుట్టు దువ్వుకుంటూ పడవవాళ్లని ముంచే కన్య కథ ప్రాచీనమని టూరిస్టు పడవల్లో చెబుతారు, నమ్మకు. 1801లో బ్రెంటానో అనే కవి కల్పనతో మొదలైంది, తరవాత హైనే అనే మరో కవి ఊరూరా పాకించాడు.

కౌబ్ దగ్గర తీరిగ్గా కూర్చో. నది మధ్య లంక మీద ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్, 14వ శతాబ్దపు సుంకం కోట. వరదకీ మంచుగడ్డలకీ తట్టుకునేలా ఎగువ వైపు మొన పెట్టి, ఓడలా కట్టారు. ఆ ఊళ్లో నీటి కొలబద్ద కూడా ఉంది. దాని అంకె చూసే పడవల్లో ఎంత సరుకెక్కించాలో తేల్చుకుంటారు. 2018 అక్టోబరులో అది 25 సెంటీమీటర్లకి దిగింది. అది నది లోతు కాదు, కొలబద్ద మీది అంకె మాత్రమే. అయినా సరుకు రవాణా అల్లాడిపోయింది.

మే నెల గానీ సెప్టెంబరు గానీ చూసుకో. ఆదివారమైతే దుకాణాలు మూసేస్తారు, పులిహోర కలిపి పట్టుకెళ్లు. బ్రేకులు, లైట్లు ముందురోజే చూసుకో, పంక్చర్ సామాన్లు మరిచిపోకు. అక్కడ ద్రాక్షతోటలవాళ్లు ఆప్యాయంగా గ్లాసు చేతికిస్తారు. తాగి సైకిల్ తొక్కినా ఆ దేశంలో కేసవుతుంది, మీ వాళ్లకి చెప్పు.

కౌబ్‌లో చివరి ఫెర్రీ వేళ రాసుకుని ఉంచుకో. అది తప్పినా కంగారు పడకు. అక్కడే స్టేషనుంది. సైకిల్‌తో సహా రైలెక్కి రూడెస్‌హైమ్‌లో దిగు, అక్కడి ఫెర్రీ బింగెన్‌కే పోతుంది. రైల్లో కుడివైపు కిటికీ దగ్గర కూర్చో. పొద్దున నెత్తిమీదుండి కనబడని జోనెక్, రైషెన్‌స్టైన్, రైన్‌స్టైన్ వరసగా ఎదురొస్తాయి.

ఇట్లు,
పెదనాన్న