ప్రహరీ గోడ మీద బొమ్మ

పెడన,
కార్తీక మాసం.

చి.ల.సౌ. అమ్మడికి,

ఫోన్లో నువ్వు పంపిన పెన్సిలు బొమ్మలు చూశాను. చంటిదాని మొహం ప్రహరీ గోడంత చేసి వేస్తానంటున్నావు. నాకు నచ్చలేదే. మూడో నెల పిల్ల మొహం ఉగాదికి ఉంటుందా? నువ్వు రంగులు ముగించేసరికి గోడ మీద ఉన్నది పక్కింటి పిల్లయిపోతుంది. మొహానికి ఫోటోలు చాలు. గోడ మీద అది చూడబోయేవి వెయ్యి.

అవనిగడ్డలో ఉండి బొమ్మకి కరువేమిటి? చేలల్లో కొంగలు, కాలవ గట్టున తాడిచెట్లు, కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవి, ఆ అడవిలో బావురుపిల్లి. నీళ్ళలో దూకి చేపలు పట్టే పిల్లి అంటే ఏ పిల్ల అన్నం తినదు చెప్పు! వీటన్నిటినీ ఒక్కచోట కూర్చడానికి మన బందరు అద్దకంలో కల్పవృక్షం ఉండనే ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో పర్షియా బేరానికి వేసిన చెట్టు అది. ఒకే కాండానికి పది రకాల పూలు పూసినా ఎవరూ తప్పుపట్టరు.

చెట్టు తీసుకో గానీ అద్దకం రంగులు తీసుకోకు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసిన నలుపు, పటికతో పట్టే ఎరుపు, ఇవి కరక్కాయ పట్టించిన నూలుగుడ్డని పట్టుకున్నట్టు గోడని పట్టుకోవు. అలాగని షాపువాడిచ్చే ప్లాస్టిక్ రంగులూ వద్దు. మీ నేలలో ఉప్పుంది. చెమ్మతోపాటు గోడలోకి ఎక్కి, ఆ రంగుపొర వెనక చేరి, పొక్కులు లేపి పెచ్చులుగా ఊడదీస్తుంది. సున్నం మేలు. బాగా నానిన సున్నం పల్చటి గుడ్డలో వడగట్టి, కాస్త తుమ్మజిగురు కలిపి, కావి, పసుపుపచ్చ మన్ను, దీపపు మసి వేసుకో. నీలానికి బట్టల నీలిమందు చాలు. తడిపిన గోడ మీద పొద్దున్నే వెయ్యి. సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా రాయిలా గట్టిపడాలి. ఎండలో గబుక్కున ఆరితే చేతికి పొడి అంటుతుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం, ఆ పని మీ ఆయనకి అప్పగించు. నువ్వు ఇప్పుడే స్టూలెక్కకు.

గీత కుదరదని భయపడకు. అచ్చు తిన్నగా గోడకి కొడితే పడదు. గుడ్డ కింద మెత్త ఉంటుంది, గోడకి ఉండదుగా. అందుకని బొమ్మ పెద్ద కాగితం మీద గీసుకుని, గీత వెంట సూదితో దగ్గరదగ్గరగా పొడు. కాగితాన్ని గోడకి ఆనించి బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో తట్టు. తీస్తే గోడ మీద చుక్కల వరస. కుంచెతో కలుపుకోవడమే.

కింద రెండడుగులు మాత్రం ఉత్త సున్నంతో వదిలెయ్యి. చెమ్మ ముందు తినేది అక్కడే. పైగా ఏడాది తిరిగేసరికి మీ పిల్ల చెయ్యి అందేదీ అంతవరకే. ఏటా సంక్రాంతికి వెల్ల వేసి ఇస్తే ఆ జాగా దానిది. పైన చెట్టుకి ఏడాదికో పిట్టని చేర్చుకో. ఒక్కసారే నింపేస్తే నీకు పనేం మిగులుతుంది?

గోడంతా పిచ్చిగీతలేమిటని మీ మావగారు గొణిగితే, బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర రచయిత అడివి బాపిరాజుగారు బొమ్మలు నేర్చుకున్నారని చెప్పు. మీ మావగారు సాహిత్యాభిమాని కదా, ఆ పేరు వింటే మెత్తబడతారు.

ఈ తుఫాన్ల భయం తీరనీ, అప్పుడు గోడ మొదలుపెట్టు. ఆడపిల్ల కాబట్టి అన్నప్రాసన అయిదో నెలలోనే చేస్తారు, సంక్రాంతి వెళ్ళాకే పడుతుంది. నేనూ మీ అత్తా ముందురోజే దిగుతాం. ఈలోపు గుల్లసున్నం తెప్పించి కుండలో నానెయ్యండి, మూత పెట్టడం మరవకండి. కాగితం మీద అద్దుకోడానికి చిలక అచ్చు ఒకటి, పాతదే, ముక్కు కొంచెం అరిగింది, మీ అమ్మతో పంపుతున్నాను.

ఆశీస్సులతో,
పెద్ద మావయ్య