రిజిస్ట్రీ పాడైందంటే ఫార్మాట్ ఒక్కటే దారా?

ప్రశ్న: జగిత్యాలలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లికార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతోనే చేస్తాను. వాటి కోసమే ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌ను వదల్లేదు. మొన్న పని మధ్యలో కరెంటు పోయింది. అప్పటి నుంచి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్, సిస్టమ్’ అనే ఫైలు లేదనో, పాడైందనో ఇంగ్లిష్‌లో వచ్చి ఆగిపోతోంది. రిపేరు షాపులో ఫార్మాట్ చేయాల్సిందే అన్నారు. పన్నెండేళ్ల పని అందులో ఉంది. ఏం చేయను?

జవాబు: ఫార్మాట్ చేయించకండి. మీ పెళ్లికార్డులు చాలావరకు భద్రంగానే ఉండి ఉంటాయి.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన కోసం రాసుకునే ఖాతాపుస్తకం. ఏ ప్రింటర్ ఉంది, ఏ ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఆన్ కాగానే ఏవి నడవాలి అన్నీ అందులోనే. అది ఒక ఫైలు కాదు. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని ముఖ్యమైనవి ఐదున్నాయి. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ విండోస్ వీటిలో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోతే పుట సగంలో ఆగిపోతుంది. పాడైంది ఆ పుస్తకం. మీరు చేసిన పని వేరే ఫోల్డర్లలో ఉంది.

ముందు హార్డ్‌డిస్క్ బయటికి తీయించండి. యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి మీ ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి. డిస్క్‌కు వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటే ఐడీఈ అడాప్టర్ కావాలని అడగండి. ఫాంట్లను మరవొద్దు. అవి లేకుంటే రేపు ఫైలు తెరుచుకున్నా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. కాపీ పూర్తయ్యేదాకా, డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపకండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒక మిత్రుడి డిస్క్‌కు ముందు చెక్‌డిస్క్ పెట్టాను, తర్వాత కాపీ చేద్దామనుకున్నాను. ఆ డిస్క్ అప్పటికే చివరి దశలో ఉంది. సగంలో టిక్ టిక్‌మని ఆగిపోయింది. అతని పిల్లల చిన్ననాటి ఫొటోలు ఇక తిరిగి రాలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

కాపీ అయ్యాక, డిస్క్ తగిలించే ఉన్నప్పుడే, కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టమ్ ఫైలు పేరు మార్చండి, తుడిచేయకండి. దాని స్థానంలో మంచి ప్రతి పెట్టాలి. ఎక్స్‌పీలో అది రెండుచోట్ల దొరుకుతుంది. ‘విండోస్’ లోపలి ‘రిపేర్’ ఫోల్డర్‌లో ఉన్నది మామూలుగా ఎక్స్‌పీ ఎక్కించిన నాటిది. అంతకన్నా కొత్తది సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్‌లో, ఆర్‌పీతో మొదలయ్యే ఫోల్డర్లలోని స్నాప్‌షాట్‌లో ఉంటుంది. సిస్టమ్ రిస్టోర్ ఆపేసి ఉంటే మాత్రం ఉండదు. అక్కడ ఫైలు పేరు పొడుగ్గా, రిజిస్ట్రీ, మెషీన్, సిస్టమ్ అనే మాటలు కలిపి ఉంటుంది. తెచ్చాక వట్టి ‘సిస్టమ్’ అని పేరు పెట్టాలి. ఆ ఫోల్డర్ తెరుచుకోకపోతే ఆ రెండో కంప్యూటర్‌ను లినక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ అనే ఫైలు జోలికి పోకండి. దాన్ని ‘రిపేర్’లోని పాత ప్రతితో మారిస్తే పేజ్‌మేకర్, అను అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. సిస్టమ్ ఒక్కటే మారిస్తే ప్రింటర్ డ్రైవర్ లాంటివి మళ్లీ వేసుకుంటే సరిపోవచ్చు.

కంప్యూటర్ లేచాక దాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. రోజూ సాయంత్రం కొత్త ఫైళ్లు మరో డిస్క్‌లోకి వేసుకోండి. ఒక యూపీఎస్ కొనండి. పావుగంట ఆగే బ్యాటరీ ఉంటే చాలు.

ప్రశ్న: సిరిసిల్లలో మా సాంచెల (మరమగ్గాల) కార్ఖానా పక్క గదిలోనే లెక్కల కంప్యూటర్ ఉంది. విండోస్ 7. ఆన్ చేయగానే నీలి తెర, రిజిస్ట్రీ ఫైల్ ఫెయిల్యూర్ అని, చివర 218 అంకె ఉన్న కోడ్. బాగు చేయిస్తే నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇది మూడోసారి.

జవాబు: మూడోసారి వచ్చిందంటే తప్పు రిజిస్ట్రీది కాదు. దాన్ని పాడుచేస్తున్నది ఇంకేదో ఉంది.

ఆన్ చేస్తూ ఎఫ్8 నొక్కి, ‘రిపేర్ యువర్ కంప్యూటర్’లోకి వెళ్లి స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్ ప్రయత్నించండి. కుదరకపోతే కాన్ఫిగ్ లోపలే ‘రెగ్‌బ్యాక్’ ఫోల్డర్ ఉంటుంది. అందులో విండోస్ 7 అప్పుడప్పుడు తనంతట తాను దాచిన ప్రతులుంటాయి. వాటి సైజు సున్నా కాదని చూసుకుని వాడండి. రిపేర్ తెరలో మీ సీ డ్రైవ్ డీగా కనిపించవచ్చు, కంగారు పడకండి. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఈ ప్రతులు దాచడం ఆపేశారు కాబట్టి ఈ ఉపాయం అక్కడ పనిచేయదు.

ఇక అసలు సంగతి. క్యాబినెట్ పక్క తలుపు విప్పి చూడండి. సాంచెల గదిలో లేచే పోగుల నుసి ఫ్యాన్ రెక్కలకు, ప్రాసెసర్ మీది హీట్‌సింక్ పలకల మధ్య మెత్తటి గుడ్డలా పట్టి ఉంటుంది. ప్లగ్ తీసేసి మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో తీయించండి. ర్యామ్ ఊడదీసి దాని పసుపు అంచును పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తుడిచి గట్టిగా కూర్చోబెట్టండి. పట్టు సరిగాలేని ర్యామ్ తప్పుడు అంకెలు అందిస్తే, విండోస్ వాటినే డిస్క్‌లో రాసేస్తుంది. తర్వాత ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్ మార్చేయండి. డిస్క్‌ను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో చూడండి. ‘కాషన్’ అని పసుపు రంగు కనిపిస్తే దాని మీద ఇక నమ్మకం పెట్టుకోవద్దు.

సాంచెల మోటార్లు ఉన్న లైన్ నుంచే కంప్యూటర్‌కు కరెంటు వస్తోందా? మోటార్లు స్టార్టయినప్పుడు వోల్టేజీ పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరే లైన్ వేయించండి. వీలైతే కంప్యూటర్‌నే ఇంకో గదికి మార్చండి.

ప్రశ్న: మా పెద్దోడు దుబాయిల ఉంటడు. ఆనితోని మాట్లాడనీకే కంప్యూటర్ వాడుత. షురూ చేసినప్పుడల్లా రన్‌డీఎల్ఎల్ అని ఒక డబ్బా వస్తది, ఓకే ఒత్తితే పోతది. నెట్ల ఒక సాఫ్ట్‌వేర్ మీ రిజిస్ట్రీల వందల తప్పులున్నయి, పైసలు కడితే బాగుచేస్తమంటున్నది. కట్టాల్నా? (కోరుట్ల)

జవాబు: కట్టకండి. వాళ్లు తప్పులని చూపేవి చాలావరకు తీసేసిన ప్రోగ్రాముల పాత గుర్తులు. ఉన్నా కీడు లేదు. వాటిని ఇష్టమొచ్చినట్టు తుడిస్తేనే పై ఇద్దరి గతి పట్టే ప్రమాదం.

మీకు వచ్చే డబ్బా చిన్న విషయం. సాధారణంగా పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ ఫైలును యాంటీవైరస్ తీసేస్తుంది, కానీ ‘ఆన్ కాగానే దీన్ని నడుపు’ అన్న వరుస రిజిస్ట్రీలో మిగిలిపోతుంది. విండోస్ ఆ ఫైలు కోసం వెతికి, దొరకలేదని చెబుతోంది. డబ్బాలో ఉన్న ఫైలు పేరు కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ తెరిచి, ఆ పేరున్న వరుస పక్కన టిక్ తీసేయండి. డిలీట్ చేయొద్దు. పొరపాటైతే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ చదవడం ఇబ్బందైతే తెర ఫొటో తీసి మీ అబ్బాయికి పంపండి. ఏ వరుసో అతనే చెబుతాడు.