పిల్లికి మందు వేసే ముందు

చి. సౌ. మాధవికి,


పిల్లికూన బొచ్చులో పురుగులు గెంతుతున్నాయని, మీ కుక్క బ్రూనోకి వేసే పిడుదుల మందే దీనికీ సగం వేస్తే చాలదా అని అడిగావు. వద్దు. సగం కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కల మెడమీద వేసే మందులు చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మందు ఒంట్లోనే నిలిచి నరాలమీద పడుతుంది. వణుకు, చొంగ, మూర్ఛలు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

మీ అత్తగారు చెప్పిన గజ్జి క్రీములో ఉండేదీ సాధారణంగా ఆ పర్మెత్రినే, 5 శాతం. మనుషులకు పడుతోంది కదా అంటారేమో. మనం రాసుకున్నది నాక్కోం. పిల్లి ఒంటికి ఏది పూసినా నాకి కొంతైనా కడుపులోకి పోనిస్తుంది. అందుకే కర్పూరం కలిపిన నూనె, నొప్పుల బామ్, డెట్టాల్, టీ ట్రీ ఆయిల్ దాని దరికి రానీకు. మీ ఆయన నెత్తికి మినాక్సిడిల్ రాసుకుంటాడన్నావుగా, ఆ దిండుమీద దాన్ని పడుకోనివ్వకు. నవ్వకు, ఆ మందు కొంచెం నాకినా పిల్లి గుండె దెబ్బతింటుంది.

ముందు అవి ఏ పురుగులో చూడు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లపొడిని తడి దూదిమీద వెయ్యి. ఎర్రగా కరిగితే అవి రక్తం తాగే పురుగులే, ఆ పొడి అవి తాగి విసర్జించిన రక్తమే. అప్పుడు కూనను తూకం వేయించి పశువుల డాక్టరుకు చూపించు. పిల్లులకని పెట్టెమీద రాసి ఉన్న మందే తీసుకో. ఫిప్రోనిల్ చుక్కలైతే 8 వారాలు నిండనిదే వెయ్యరు.

వేసేచోటు పుర్రె కింద, మెడ వెనకాల. నాలుక అందనిది అక్కడే. బొచ్చు పాయ తీసి, చర్మం కనిపించాక గొట్టం మొన ఆనించి పిండు. బొచ్చుమీద పోస్తే వృథా. వేలితో రుద్దకు. ఆరేదాకా బ్రూనోని వేరే గదిలో ఉంచు, వాడు నాకేస్తాడు. మందుకు ముందూ వెనకా రెండేసి రోజులు కూనకు స్నానం వద్దు. కూన ఎలాగో నాకి నురగలు కక్కితే కంగారుపడకు, చాలావరకు చేదువల్లే. కాసిని నీళ్లు తాగనివ్వు. తగ్గకపోతే డాక్టరుకు చెప్పు.

పొరపాటున ఎవరైనా కుక్క మందు వేసేస్తే మాత్రం వణుకు మొదలయ్యేదాకా చూడకు. కొన్ని గంటలకు గానీ, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. కూన స్పృహలో ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, తువ్వాల్లో చుట్టి తీసుకుపో. వేడినీళ్లు పొయ్యకు, వాంతి చేయించకు. మందు పెట్టె చేత్తో పట్టుకెళ్లు, డాక్టరు మొదట అడిగేది అదే.

బ్రూనో మందు ఇవాళే వేరే అరలోకి మార్చు. మీ అత్తగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు, నామీద కోపం వచ్చినా సరే.

మీ పిన్ని